గింజ నుంచి పొద దాకా: తిరుపతి, చిత్తూరు నేలల్లో తంగేడు పెంపకం

చంద్రగిరి దాటి చిత్తూరు వైపు సాగే దారి పక్కన, పుత్తూరు, నగరి ప్రాంతాల గుట్టల వాలుల్లో, బీడు పడిన చేల గట్ల మీద ఎవరూ నాటకుండా, ఎవరూ నీళ్ళు పోయకుండా తంగేడు నిండుగా పూస్తుంది. అదే మొక్కను ముచ్చటపడి ఇంటి ముందు నాటుకున్నవారు మాత్రం తరచుగా రెండో ఏటికే పోగొట్టుకుంటారు. నేను గమనించినంతవరకు అలా పోయిన మొక్కల్లో ఎక్కువ భాగం నీరు ఎక్కువై పోయినవే. తంగేడు వేరును మొదటి ఏడాది లోతుకు దిగనిస్తే ఆ తర్వాత మనం చేయవలసింది చాలా తక్కువ. ఈ మార్గదర్శిలో చెప్పే పనులన్నీ ఆ ఒక్క ఏడాదిని సరిగా నడపడానికి ఉద్దేశించినవే.

ముందుగా మొక్కను గుర్తించడం

తంగేడు శాస్త్రీయనామం సెన్నా ఆరిక్యులేటా. పాత వృక్షశాస్త్ర గ్రంథాల్లో ఇది కేసియా ఆరిక్యులేటా అన్న పేరుతో కనిపిస్తుంది. భారతదేశం, శ్రీలంకల్లోని పొడి ప్రాంతాలు దీని సొంత నేల. సరిహద్దు మండలాల్లో తమిళం మాట్లాడేవారు దీన్నే ఆవారం అంటారు. సాధారణంగా మీటరు నుంచి మూడు మీటర్ల ఎత్తు వరకు, మొదట్లోనే కొమ్మలు చీలి గుబురుగా పెరుగుతుంది. ఒక్కో ఆకు ఈనెకు ఎనిమిది నుంచి పన్నెండు జతల చిన్న ఆకులుంటాయి. పూలు నాలుగైదు సెంటీమీటర్ల వెడల్పుతో, ఐదు రేకులతో, ముదురు పసుపు రంగులో కొమ్మల చివర గుత్తులుగా వస్తాయి. కాయలు బల్లపరుపుగా, కాగితంలా పలచగా ఉండి, ఎండినప్పుడు లేత గోధుమ రంగుకు మారుతాయి.

గుర్తింపు గురించి ఇంతగా చెప్పడానికి కారణం ఉంది. నర్సరీల్లో తంగేడు అని అడిగితే పసుపు పూలు పూసే వేరే సెన్నా జాతులను ఇచ్చే అవకాశం ఎక్కువ. రోడ్ల పక్కన నీడ కోసం పెంచే సీమ తంగేడు పెద్ద చెట్టవుతుంది. చేలల్లో కలుపుగా మొలిచే కసింద ఒక్క ఏడాది బతికే చిన్న మొక్క. నేల తంగేడు అని కొందరు పిలిచే సునాముఖి కూడా వేరే మొక్కే. అసలైన తంగేడును పూలు లేనప్పుడు కూడా రెండు గుర్తులతో పోల్చుకోవచ్చు. ఆకు కాడ కొమ్మను కలిసే చోట చెవి ఆకారంలో వెడల్పైన రెండు చిన్న పత్రాలు కొమ్మను ఆనుకొని రాలిపోకుండా ఉంటాయి. అలాగే ఆకు ఈనె మీద ప్రతి ఆకు జత మధ్యా నిలువుగా ఒక సన్నని గ్రంథి కనిపిస్తుంది. ఈ రెండూ లేని మొక్కను తంగేడు అని కొనకండి.

చోటు ఎంపిక

తంగేడుకు ఎండ కావాలి. రోజుకు కనీసం ఆరు గంటలు నేరుగా ఎండ తగలని చోట పొద సన్నగా సాగిపోతుంది, పూలు పలచబడతాయి. మామిడి చెట్టు కిందనో, రెండు మేడల మధ్య సందులోనో నాటి పూలు రాలేదని బాధపడి ప్రయోజనం లేదు.

నేల విషయంలో దీనికి పట్టింపు తక్కువ. మన ఎర్రనేలలు, గరుసు నేలలు, రాళ్ళు కలిసిన గుట్టవాలులు దీనికి బాగా సరిపోతాయి. కొంతవరకు చౌడు ఉన్న నేలలోనూ ఇది నిలదొక్కుకుంటుంది. తట్టుకోలేనిది నీటి నిల్వ ఒక్కటే. చెరువు కింది ఆయకట్టు భూముల్లో, వర్షం పడితే రెండు రోజులైనా నీరు ఇంకని పల్లాల్లో, వంటింటి నీళ్ళు చేరే పెరటి మూలల్లో దీన్ని నాటకూడదు. అనుమానం ఉంటే చిన్న పరీక్ష చేయవచ్చు. ఒకటిన్నర అడుగు లోతు గుంత తీసి దాన్ని నీటితో నింపి, అది ఇంకిన తర్వాత మళ్ళీ నింపాలి. రెండోసారి పోసిన నీరు మర్నాటికి కూడా అడుగున నిలిచి ఉంటే ఆ చోటు పనికిరాదు. అక్కడే నాటక తప్పకపోతే అడుగున్నర ఎత్తు మట్టికట్ట వేసి దాని మీద నాటుకోవాలి.

నీటి గొట్టాలకు, ఇంటి పునాదికి కనీసం ఐదారు అడుగుల దూరం ఉంచడం మంచిది. విడి పొదగా పెంచేటప్పుడు మొక్కకూ మొక్కకూ మధ్య ఆరడుగులు, కంచెగా పెంచేటప్పుడు రెండు నుంచి రెండున్నర అడుగులు వదలాలి.

గింజల సేకరణ

కొమ్మ ముక్కలతో కూడా ప్రయత్నించవచ్చు గాని, గింజ నుంచి వచ్చిన మొక్కకే లోతైన తల్లివేరు ఉంటుంది. తంగేడు బలమంతా ఆ వేరులోనే ఉంది కాబట్టి గింజనే నమ్ముకోవడం మేలు.

ఈశాన్య రుతుపవనాల వానలకు పూసిన పూల కాయలు మన ప్రాంతంలో మాఘ, ఫాల్గుణ మాసాల నాటికి ఎండుతాయి. కాయ పూర్తిగా గోధుమ రంగుకు మారి, ఊపితే లోపల గింజలు గలగలలాడే దశలో కోయాలి. పచ్చి కాయను కోసి ఎండబెడితే గింజ ముడుచుకుపోతుంది. ఒకే పొద నుంచి కాకుండా, ఒకదానికొకటి దూరంగా ఉన్న ఐదారు పొదల నుంచి కొన్ని కొన్ని కాయలు తీసుకుంటే మొక్కల్లో వైవిధ్యం ఉంటుంది. పొద మీద సగానికి పైగా కాయలు వదిలిపెట్టండి.

గింజల కోసం శేషాచలం అడవిలోకి వెళ్ళవలసిన అవసరం లేదు, వెళ్ళకూడదు కూడా. ఆ కొండల్లో పెద్ద భాగం శ్రీవేంకటేశ్వర జాతీయ ఉద్యానవనం కిందికి వస్తుంది. అక్కడి నుంచి ఆకైనా కాయైనా తేవడం చట్టవిరుద్ధం. మన ఊరి చేను గట్ల మీద, తెలిసినవారి బీడు భూముల్లో ఉన్న పొదలే చాలు.

కాయలను నీడలో మూడు నాలుగు రోజులు ఆరబెట్టి, చేతులతో నలిపి, చేటతో చెరిగి గింజలు తీయాలి. తంగేడు గింజలకు పుచ్చు ఎక్కువ. సూదితో పొడిచినంత రంధ్రం ఉన్న ప్రతి గింజనూ ఏరి పారేయాలి. మిగిలినవాటిని నీటిలో వేసి, తేలినవాటిని తీసివేసి, మునిగినవాటిని ఆరబెట్టుకోవాలి. వెంటనే విత్తకపోతే ఎండు వేపాకుతో కలిపి గుడ్డ సంచిలో కట్టి, తేమ తగలని చోట ఉంచితే విత్తే కాలం దాకా చెడవు.

గింజ పెంకును మెత్తబరచడం

ఎక్కువమంది విఫలమయ్యేది ఈ దశలోనే. తంగేడు గింజ మీది పెంకు నీటిని లోపలికి రానివ్వదు. వాన కురిసిన ప్రతిసారీ గింజలన్నీ ఒకేసారి మొలిచి, ఆ తర్వాతి ఎండకు ఒకేసారి చచ్చిపోకుండా ప్రకృతి చేసిన ఏర్పాటు అది. అడవిలో ఎండా వానా కలిసి ఆ పెంకును నెమ్మదిగా అరగదీస్తాయి. ఆ పనిని ఇంట్లో మనం చేయాలి.

నీటిని తెర్లే దాకా మరిగించి పొయ్యి మీద నుంచి దించి, రెండు మూడు నిమిషాలు ఆగి, గిన్నెలో ఉన్న గింజల మీద పోయాలి. నీరు గింజలకు ఐదారు రెట్లు ఉండాలి. గింజలను పొయ్యి మీద ఉడికించకూడదు. ఆ నీటిలోనే రాత్రంతా వదిలేస్తే తెల్లవారేసరికి కొన్ని గింజలు ఉబ్బి రెట్టింపు లావవుతాయి. ఉబ్బినవాటిని వెంటనే విత్తాలి. ఉబ్బనివాటికి మళ్ళీ ఒకసారి వేడినీటి స్నానం చేయించవచ్చు.

ఇరవై ముప్పై గింజలే ఉంటే ఇంకొక పద్ధతి నాకు ఎక్కువ నచ్చుతుంది. గింజ కన్ను ఉన్న వైపును వేళ్ళతో పట్టుకొని, ఎదుటి అంచును గరుకు కాగితం మీద గానీ గరుకు రాతి మీద గానీ లోపలి లేత రంగు కొద్దిగా కనిపించే దాకా రుద్ది, మామూలు నీటిలో రాత్రంతా నానబెట్టాలి. ఓపిక కావాలి గాని, గింజలు చాలావరకు వృథా కావు.

నారు పెంచడం

నారు కాలాన్ని నాటే కాలం నుంచి వెనక్కి లెక్కించుకోవాలి. తిరుపతి, శ్రీకాళహస్తి, పుత్తూరు, నగరి వంటి తూర్పు ప్రాంతాలకు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు వచ్చే ఈశాన్య రుతుపవన వానలే ముఖ్యం. అందువల్ల అక్కడ మృగశిర, ఆరుద్ర కార్తెల్లో, అంటే జూన్ రెండో వారం నుంచి జూలై మొదటి వారం లోపల సంచుల్లో విత్తితే చిత్త కార్తె నాటికి మొక్క నాటడానికి సిద్ధంగా ఉంటుంది. పలమనేరు, కుప్పం వంటి పడమటి మండలాల్లో ఎండ తీవ్రత తక్కువ, నైరుతి వానలు కూడా ఉపయోగపడతాయి. అక్కడ మార్చిలో విత్తి, ఆగస్టులో నాటుకోవచ్చు.

సంచి వెడల్పు కన్నా లోతు ముఖ్యం. తొమ్మిది అంగుళాలకు తక్కువ లోతున్న సంచిలో తల్లివేరు అడుగుకు తగిలి చుట్ట చుట్టుకుంటుంది. అలా చుట్టుకున్న వేరు నేలలో నాటిన తర్వాత కూడా సరిగా లోతుకు దిగదు. రెండు పాళ్ళ ఎర్రమట్టి, ఒక పాలు ఇసుక, ఒక పాలు బాగా చివికిన దిబ్బ ఎరువు కలిపి సంచులు నింపాలి. అడుగున, పక్కల రంధ్రాలు తప్పనిసరి. ఒక్కో సంచిలో రెండు గింజలను సెంటీమీటరు లోతులో విత్తి, మొలిచాక బలంగా ఉన్నదాన్ని ఉంచి రెండోదాన్ని కత్తిరించాలి. పీకితే రెండు వేళ్ళూ కదులుతాయి.

ఉబ్బిన గింజలు వారం, రెండు వారాల్లో మొలుస్తాయి. మొలక దశలో పైమట్టి ఆరిన తర్వాతే మళ్ళీ నీరు చల్లాలి. ఎప్పుడూ తడిగా ఉంటే నారుకుళ్ళు సోకి మొలక నేలను తాకే చోట నల్లబడి వాలిపోతుంది. మొలకెత్తిన తర్వాత పలచని నీడ రెండు మూడు వారాలు చాలు. ఆ తర్వాత సంచులను పూర్తి ఎండలోకి మార్చాలి. నీడలో ముద్దుగా పెరిగిన నారు ఎర్రనేలలో నాటిన వారానికే వాడిపోతుంది. వారానికొకసారి సంచులను పైకెత్తి చూడండి. వేరు సంచి రంధ్రాల నుంచి నేలలోకి దిగుతుంటే సంచిని కదిపి పెట్టడం వల్ల ఆ కొన తెగి, లోపల పక్కవేళ్ళు వస్తాయి.

నాటడం

మొక్క అడుగు ఎత్తుకు చేరినప్పుడు నాటడానికి అనుకూలం. ఒకటిన్నర అడుగు పొడవు, వెడల్పు, లోతు ఉన్న గుంతను నాటడానికి పది పదిహేను రోజుల ముందే తీసి ఎండకు వదలాలి. గరుసు నేలల్లో అడుగు కిందనే గట్టి పొర తగులుతుంది. దాన్ని అలాగే వదిలేసి నాటితే కుండీలో నాటినట్లే అవుతుంది. గడ్డపారతో ఆ పొరను మరో అడుగు లోతుకు పగలగొట్టి వదులు చేస్తే వేరుకు దారి దొరుకుతుంది. నాటడంలో పడే శ్రమంతా ఇక్కడే పెట్టండి.

గుంతను తీసిన మట్టితోనే నింపాలి. అందులో ఒక తట్ట దిబ్బ ఎరువు కలిపితే చాలు. యూరియా గానీ, డీఏపీ గానీ వేయవద్దు. నత్రజని ఎక్కువైతే ఆకు విపరీతంగా వచ్చి పూత ఆగిపోతుంది, పేనుబంకకు అలాంటి లేత కొమ్మలంటే ఇష్టం. ఒక విషయం గుర్తుంచుకోవాలి. తంగేడు చిక్కుడు కుటుంబపు మొక్కే అయినా, కందికీ వేరుశనగకూ ఉన్నట్లు దీని వేళ్ళకు నత్రజని బుడిపెలు ఉండవు. అందుచేత నేలను అదే సారవంతం చేసుకుంటుందని తట్టెడు ఎరువు కూడా మానేయడం సరికాదు.

రెండు మూడు మంచి వానలు పడి నేల అడుగు లోతు తడిసిన తర్వాత, సాయంత్రం పూట నాటాలి. సంచిని కోసి, మట్టిగడ్డ చెదరకుండా దించి, సంచిలో ఎంత లోతులో ఉందో అంతే లోతులో ఉంచి మట్టి అదమాలి. మొదలు చుట్టూ మట్టిని కాస్త ఎత్తు చేసి, పాదును దానికి అడుగు దూరంలో వలయంగా తీయాలి. గుట్టవాలులో అయితే మొక్కకు దిగువన అర్ధచంద్రాకారంగా గట్టు వేస్తే పైనుంచి జారే వాన నీరు ఆగి ఇంకుతుంది.

మేకలు, పశువులు పెరిగిన తంగేడు జోలికి సాధారణంగా పోవు. మామిడి తోటల చుట్టూ దీన్ని కంచెగా పెంచుకోవడానికి అదే కారణం. లేత మొక్కను మాత్రం మేత దొరకని రోజుల్లో కొరకవచ్చు, తొక్కవచ్చు. మొదటి ఏడాది చుట్టూ తుమ్మకంప వేయాలి.

మొదటి పద్దెనిమిది నెలల నీటి యాజమాన్యం

నాటిన తర్వాత వాన లేకపోతే మొదటి రెండు వారాలు మూడు నాలుగు రోజులకొకసారి, ఆ తర్వాత సంక్రాంతి దాకా వారానికొకసారి నీరు ఇవ్వాలి. మొదటి వేసవి కీలకం. తిరుపతిలో ఎండ నలభై డిగ్రీలు దాటే ఏప్రిల్, మే నెలల్లో పది పన్నెండు రోజులకొకసారి ఒక్కో మొక్కకు పది పన్నెండు లీటర్లు నిదానంగా ఇంకేలా పోయాలి. రోజూ చెంబెడు నీళ్ళు పోసే అలవాటు ఈ మొక్కకు హాని చేస్తుంది. పైన తడి ఉన్నంతకాలం వేరు పైపైనే తిరుగుతుంది, ఒక్క వారం మనం ఊరికి వెళ్తే ఆ వేరు ఎండిపోతుంది. లోతుగా తడిపి, పైన ఆరనిస్తే వేరు తడిని వెతుక్కుంటూ కిందికి దిగుతుంది. మధ్యాహ్నం ఆకులు ముడుచుకొని, సాయంత్రానికి విచ్చుకుంటే కంగారు పడనక్కరలేదు. ఉదయం కూడా ముడుచుకొనే ఉంటేనే నీరు పోయాలి.

పాదులో ఎండుటాకులు గానీ వేరుశనగ పొట్టు గానీ పరిస్తే తేమ నిలుస్తుంది. ఎర్రనేలల్లో చెదలు ఎక్కువ కాబట్టి ఆ పరుపు మొదలుకు జానెడు దూరంలో ఉండాలి. రెండో వర్షాకాలం గడిచిన తర్వాత నీరు పూర్తిగా మానేయవచ్చు. లాన్‌కు రోజూ నీరు చిమ్మే ఏర్పాటు ఉన్న చోట మాత్రం తంగేడును ఆ పరిధికి బయటే ఉంచాలి.

కత్తిరింపు

తంగేడు కొత్త కొమ్మల చివర పూస్తుంది. ఎన్ని కొత్త కొమ్మలు వస్తే అన్ని పూగుత్తులు. మొక్క మోకాలి ఎత్తుకు రాగానే కొన తుంచితే పక్క కొమ్మలు వస్తాయి. అవి జానెడు పొడవు పెరిగాక వాటి కొనలూ తుంచాలి. పూత చాలావరకు రెండో ఏట మొదలవుతుంది. వానల తర్వాత ఎక్కువగానూ, మిగిలిన కాలంలో అడపాదడపాగానూ పూస్తుంది.

ఏటా కాయలు కోసుకున్న తర్వాత, జూన్ వానలకు ముందు, కొమ్మల పొడవులో మూడో వంతు తీసివేయాలి. కంచెకైతే వానాకాలం మధ్యలో ఇంకొకసారి పక్కలను సరిచేయవచ్చు. అక్టోబరు తర్వాత కత్తెర పట్టకండి, అప్పటికి మొగ్గ కట్టే కొమ్మలు సిద్ధమై ఉంటాయి. కొడవలితో నరికితే బెరడు చీలుతుంది, పదునైన కత్తెరతో కణుపు పైన ఏటవాలుగా కోయాలి.

కోసిన లేత కొమ్మలను పారేయవద్దు. వరి మడిలో దమ్ము చేసేటప్పుడు తంగేడు ఆకును పచ్చిరొట్టగా తొక్కించడం పాత పద్ధతి, చౌడు నేలలకు అది మరింత మేలు. పెరట్లో అయితే మామిడి, సపోటా పాదుల్లో పరచుకోవచ్చు. ముదురు కొమ్మల బెరడులో తోళ్ళను పదును చేసే గుణం ఉంది. మనకు పొరుగున ఉన్న రాణిపేట, అంబూరు వంటి ఊళ్ళకు పేరు తెచ్చిన దక్షిణాది తోళ్ళ పరిశ్రమకు ఒకప్పుడు ఈ బెరడే ప్రధానమైన ముడిసరకు.

పూల దగ్గరికి వచ్చేవి, ఆకును తినేవి

తంగేడు పూలలో తేనె ఉండదు, పుప్పొడే ఉంటుంది. ఆ పుప్పొడి కూడా కేసరాల కొనల్లోని చిన్న రంధ్రాల వెనక దాగి ఉంటుంది. నల్లటి పెద్ద తుమ్మెద పూవును పట్టుకొని రెక్కల కండరాలను ఝుమ్మని అదిరించినప్పుడు అది పొడిలా బయటికి రాలుతుంది. ఉదయం పూట పొద దగ్గర నిలబడితే ఆ చప్పుడు స్పష్టంగా వినిపిస్తుంది. కాయ కట్టాలంటే ఈ తుమ్మెదలు అవసరం, అవి ఎండు కలపలో, వెదురు బొంగుల్లో తొలిచి గూళ్ళు కడతాయి. పెరట్లో ఒక మూల పాత దుంగో, రెండు వెదురు ముక్కలో ఉంచితే వాటికి నివాసం దొరుకుతుంది.

వానాకాలంలో ఆకుపచ్చని గొంగళిపురుగులు ఆకులను తింటూ కనిపిస్తాయి. వాటిలో ఎక్కువ భాగం లేత పసుపు, తెలుపు రంగు సీతాకోకచిలుకల పిల్లలు. వాటికి తంగేడు ఆకే ఆహారం. పెరిగిన పొద సగం ఆకు పోయినా నెలలోపే చిగురిస్తుంది, కాబట్టి మందు కొట్టవద్దని నా గట్టి అభిప్రాయం. చిన్న నారు మీద ఉంటే చేత్తో తీసి పెద్ద పొద మీద వదలండి.

పేనుబంక, పిండినల్లి లేత కొమ్మలకు పడితే ముందు నీటిని బలంగా చిమ్మి చూడాలి. తగ్గకపోతే లీటరు నీటికి ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బు నీరు కలిపి సాయంత్రం పిచికారీ చేయాలి. ఆకు ఈనెల మీది గ్రంథులు ఊరించే తీపి కోసం చీమలు ఎప్పుడూ తిరుగుతుంటాయి, వాటివల్ల మొక్కకు నష్టం లేదు. కింది ఆకులు పసుపెక్కి రాలుతూ, మట్టి తడిగా ఉంటే అది వేరుకుళ్ళు మొదలైన సూచన. వెంటనే నీరు ఆపి, పాదు మట్టిని గుల్ల చేసి, నీరు బయటికి పోయే కాలువ తీయాలి.

కుండీలో పెంచదలచినవారికి

అపార్టుమెంటు మేడ మీద కూడా పెంచవచ్చు గాని, నేలలోని పొదతో పోల్చకూడదు. కనీసం అడుగున్నర లోతున్న మట్టి కుండీ, సగానికి సగం ఇసుక కలిసిన మట్టి, పూర్తి ఎండ ఉండాలి. పైన రెండు అంగుళాలు ఆరాకే నీరు పోయాలి, కుండీ కింద నీరు పట్టే పళ్ళెం పెట్టకూడదు.

పాత పొదకు కొత్త కొమ్మలు

కొన్నేళ్ళకు పొద అడుగున బోసిపోయి, పైన మాత్రమే ఆకు మిగులుతుంది. అటువంటి పొదను తవ్వి తీసివేయనక్కరలేదు. తొలకరికి ముందు నేల నుంచి అడుగు ఎత్తులో మొత్తం కోసి, పాదులో రెండు తట్టల ఎరువు వేస్తే వానలకు మోడు చుట్టూ చిగుళ్ళు వస్తాయి. వాటిలో బలమైన ఆరేడు కొమ్మలను ఉంచి మిగిలినవి తుంచాలి. వరుసగా నాలుగైదు పొదలుంటే అన్నింటినీ ఒకే ఏడాది కోయకుండా ఏటా ఒకటి రెండింటిని కోస్తూ పోతే, తుమ్మెదలకు పుప్పొడి, మనకు పూలు ఏ ఏడాదీ తప్పిపోవు.